పది రోజుల నిద్ర

నిద్ర గురించి సలహాలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎనిమిది గంటలు పడుకోండి, ఫోన్ పక్కన పెట్టండి, గోరువెచ్చని పాలు తాగండి అని టీవీలో చెప్పే డాక్టరమ్మ, ఎవరి నిద్ర ఎవరి చేతిలో ఉంటుందో ఒక్కరోజైనా మాట్లాడిందా? ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు అని సామెత ఒకటి. అది చెప్పినవాళ్ళను తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి చేతికి చీపురిచ్చినవాళ్ళు ఉండి ఉండరు. నేను కొంతకాలం మనుషుల నిద్రను కొలిచే పని చేశాను. ఆ పని చేస్తూనే నా సొంత చెల్లెలికి దక్కాల్సిన రెండు గంటల నిద్రను దక్కకుండా చేశాను. కాబట్టి ఈ కోపంలో సగం నా మీదే.

నిజామాబాద్‌లో డిగ్రీ పూర్తిచేసి, రెండు ప్రైవేటు బళ్ళలో పాఠాలు చెప్పి విసిగిపోయిన రోజుల్లో ఆ పని దొరికింది. పట్నం నుంచి నిద్ర మీద పరిశోధన చేసేవాళ్ళు వచ్చారు. బీడీలు చుట్టే ఆడవాళ్ళ ఒంటి గడియారం ఎలా నడుస్తుందో చూడాలట. ఇల్లిల్లూ తిరిగి మాట్లాడటానికి ఇక్కడి మనిషి కావాలన్నారు. మా అమ్మ, మా వైపు అవ్వ అంటాం, బీడీలు చుట్టి చుట్టి నన్ను చదివించింది. నాకంటే ఇక్కడి మనిషి ఇంకెవరుంటారు?

శిక్షణలో మొదటిరోజు చెప్పిన మాట నాకింకా గుర్తే. మనిషి ఒంట్లో ఒక గడియారం ఉంటుంది, అది అందరికీ ఒకేలా నడవదు అన్నారు. కొందరికి చీకటి పడగానే కళ్ళు మూతలు పడతాయి, కోడి కూయకముందే మెలకువ వస్తుంది. కొందరికి రాత్రి బాగా పొద్దుపోయాక గానీ నిద్ర రాదు, పొద్దెక్కాక గానీ ఒళ్ళు లేవదు. అది బద్ధకం కాదు, పెంపకంలో లోపం కాదు, పుట్టుకతో వచ్చింది, వయసుతో కొంత మారుతుంది అన్నారు. ఆ మాట వింటుంటే నాకు పాఠం కాదు, మా చెల్లె మొహం కనబడింది. చిన్నప్పుడు బీడీల చాట ముందు కూర్చుంటే రాత్రి పదకొండైనా దాని వేళ్ళు చకచకా ఆడేవి. పొద్దున మాత్రం పీనుగులా పడి ఉండేది. మా అవ్వ దాన్ని తిట్టేది కాదు. పొద్దటి పని నాకు, రాత్రి పని దానికి పంచి, రెండు పూటలా ఇల్లు నడిపింది. చదువు లేని మా అవ్వకు తెలిసిన సంగతి చెప్పడానికి వీళ్ళకు కంప్యూటర్లు కావాల్సి వచ్చింది.

కొలిచే పద్ధతి ఇది. చేతికి ఒక నల్ల పట్టీ వాచీ కడతాం. దానికి ముల్లు ఉండదు, అంకె ఉండదు. మనిషి ఎప్పుడు కదిలిందీ, ఒంటి మీద ఎంత వెలుతురు పడిందీ రాసుకుంటుంది. పది రోజులు రాత్రీ పగలూ ఉంచుకోవాలి. ఆ పది రోజులూ నిద్రొచ్చినప్పుడు పడుకోవాలి, మెలకువ వచ్చినప్పుడు లేవాలి, ఎవరూ లేపకూడదు. ఆ రికార్డు చూసి, గడియారం వెనకబడి నడుస్తోందని అనుమానం ఉన్నవాళ్ళను రెండో పరీక్షకు ఎంచుకుంటారు. అది ఉమ్మి పరీక్ష. సాయంత్రం నుంచి మసక వెలుతురులో కూర్చోబెట్టి, అరగంటకోసారి చిన్న గొట్టంలో ఉమ్మి పట్టాలి. చీకటి పడ్డాక ఒంట్లో మెలటోనిన్ అనే పదార్థం ఊరుతుంది. అది ఏ వేళకు మొదలైందో తెలిస్తే లోపలి గడియారం సరిగ్గా ఎంతైందో తెలుస్తుంది. అసలు కొలత అదే. దానికి డాక్టరు సంతకంతో కాగితం ఇస్తారు.

చెప్పడం తేలిక. రెంజల్ వైపు ఊళ్ళలో మొదటివారం తిరిగినప్పుడే నా తల వాచిపోయింది. ప్రశ్నల కాగితంలో మూడో ప్రశ్న: సెలవు రోజున మీరు ఎన్నింటికి లేస్తారు? ఒకావిడ బీడీలకు తునికాకు కత్తిరిస్తూ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"సెలవా? ఎవలిస్తరు బిడ్డా సెలవు? తంబాకు ఇస్తదా, కత్తెర ఇస్తదా?" అంది. పక్కనున్న ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. ఆ సంగతి పరిశోధన నడిపే సార్‌కు చెబితే, "ఆదివారం అని రాసుకోండి" అన్నాడు. ఆదివారం మేక మాంసం కడిగే పని అదనంగా ఉంటుందని ఆయనకెవరు చెప్పాలి? ఆదివారం అని రాశాను. నాకు పని కావాలి కదా.

ఇంకొకటి. రోజూ ఎప్పుడు లేచారో రాయమని ఒక చిన్న పుస్తకం ఇస్తాం. ఏ ఇంట్లో తెరిచినా ఒకటే అంకె, నాలుగున్నర. జ్వరంతో పడి ఉన్న మనిషి కూడా నాలుగున్నరే. ఆరింటికి లేచానని రాయడం, మా వైపు ఆడది తన గురించి తాను రాసుకోగల పెద్ద తిట్టు. ఉమ్మి పరీక్ష పెట్టిన ఇళ్ళలో ఇంకో గొడవ. దీపాలు పెట్టే వేళకు లైట్లు ఆర్పమంటే ముసలివాళ్ళు నా మీద లేచారు. లక్ష్మి ఇంట్లోకి వచ్చే వేళ చీకటి చేయమంటావా, నువ్వు మనిషివా రాక్షసివా అన్నారు. దేవుడి దగ్గర ఒక్క దీపం ఉంచి, పరీక్ష మనిషిని వెనక గదిలో కూర్చోబెట్టి ఎలాగో నెట్టుకొచ్చాను.

ఇక చెల్లె సంగతి. దాన్ని బోధన్ పక్కన ఒక ఊళ్ళో ఇచ్చాం. దాని మొగుడు, మా మరిది, దుబాయ్‌లో ఉంటాడు. అక్కడ డ్యూటీ దిగి, వండుకు తిని, ఫోన్ చేసేసరికి ఇక్కడ రాత్రి పదకొండు దాటుతుంది. ఇంట్లో ఉండేది అది, దాని అత్త, ఇద్దరే. ఆ అత్తకు ఒక పట్టుదల ఉంది. సూర్యుడు మొహం చూపేలోగా వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, ముగ్గు పడాలి. ఆ వీధిలో మొదటి ముగ్గు వాళ్ళదే కావాలి. అది కోడలి చేత్తోనే పడాలి. నాలుగున్నరకు కేక వేస్తుంది. లేవకపోతే మంచం పట్టె మీద చెంబుతో కొడుతుంది. ఆ చప్పుడు పక్కింటికి వినబడుతుంది, కోడలికి సిగ్గేస్తుంది, లేస్తుంది.

అలా మూడేళ్ళు. పన్నెండింటికి గానీ నిద్ర పట్టని మనిషిని నాలుగున్నరకు లేపితే ఏమవుతుంది? మొదట చాట ముందు కునుకు తీసింది. తర్వాత పొయ్యి ముందు కునుకు తీసి చెయ్యి కాల్చుకుంది. ఆ వానాకాలంలో బోధన్ రోడ్డు మీద షేర్ ఆటో అంచున కూర్చుని నిద్రలోకి జారి కింద పడింది. ఆటో స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మదించింది కాబట్టి మోచేయి, భుజం చెక్కుకుపోయి బతికింది. వెనక ట్రాక్టరు వస్తోందట. ఆ డ్రైవర్ బ్రేకు వేశాడు. ఆ కబురు విని నేను పరుగెత్తి వెళితే, అత్త గడపలో కూర్చుని, "సగం రాత్రిదాక ఫోన్ల ముచ్చట్లు వెడితే ఆటోల నిద్రే వస్తది" అంది. ఆరోజు నాకు చెయ్యి లేచింది. ఆపుకున్నాను.

ఆమె నోరు మూయించాలంటే నా మాట చాలదు. కాగితం కావాలి. మా వైపు కాగితానికి ఉన్న విలువ మనిషికి లేదు. చెల్లె ఒంటి గడియారం వెనకబడి నడుస్తుంది, పొద్దున ఆరున్నర వరకు నిద్రపోకపోతే ప్రమాదం అని డాక్టరు సంతకంతో వస్తే అత్త కాదు, అత్త తాత కూడా కిక్కురుమనలేడు. నా ఆశ అదొక్కటే. పొద్దున రెండు గంటలు. ఆ రెండు గంటలుంటే అది ఇంకోసారి రోడ్డు మీద పడదు.

బంధువులను పరీక్షలో చేర్చకూడదని నిబంధన ఉంది. ఇంటిపేరు వేరు కాబట్టి ఎవరికీ తెలియలేదు. చేర్చాను.

సార్‌ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. నేను ఎవరో తెలియనట్టు నటించమని చెల్లెకూ అత్తకూ ముందే చెప్పాను. పది రోజులు ఈమెను ఎవరూ లేపొద్దు అని సార్ అత్తకు చేతులు జోడించి మరీ చెప్పాడు. పరీక్షలో చేరినవాళ్ళకు ఇచ్చే స్టీలు టిఫిన్ డబ్బా చేతిలో పెట్టాడు. ఆమె డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ పెట్టి, "మంచిది సారూ, మీ మాట మీద" అంది. వాచీ నేనే చెల్లె చేతికి కట్టాను. దాని మణికట్టు ఎంత సన్నబడిందో అప్పుడు చూశాను. పట్టీ చివరి రంధ్రానికి గానీ సరిపోలేదు.

ఆ పది రోజుల్లో రెండుసార్లు పగటిపూట వెళ్ళాను. వాచీ చెల్లె చేతికే ఉంది. దాని మొహం చూసి నేనే నమ్మలేకపోయాను. కళ్ళ కింద నలుపు విడిచింది. నవ్వుతోంది. చిన్నప్పుడు అవ్వను వెక్కిరించినట్టు నన్ను వెక్కిరించింది. ఏడున్నరకు లేస్తున్నానంది, ఒకరోజు ఎనిమిదయ్యిందంది. వాకిలి ఎవరు ఊడుస్తున్నారని అడిగితే, పక్కింటి అక్క చేత అత్త చేయిస్తోందని చెప్పి, మాట మార్చింది. నేను ఆ మాట మార్చడాన్ని పట్టించుకోలేదు. సంతోషంలో ఉన్నాను. పిచ్చిదాన్ని.

పదకొండో రోజు వాచీలన్నీ ఆఫీసులో కంప్యూటర్‌కు తగిలించారు. ఒక్కొక్కరి పది రోజులు పది వరసలుగా తెర మీద పడతాయి. కదిలిన చోట నల్ల గీతలు, నిద్రపోయిన చోట ఖాళీ. చెల్లె నంబరు కోసం నేను ఎదురుచూస్తున్నాను. తెర మీద పడింది. తొమ్మిదిన్నరకు పడుకుంది. నాలుగుకు, నాలుగుంపావుకు లేచింది. పదికి పది రోజులూ అంతే. మధ్యలో నాలుగైదు సార్లు లేచి తిరిగింది. పొద్దున పొద్దున్నే ఒంటి మీద మంచి వెలుతురు.

"ఈవిడ గడియారం ముందే నడుస్తోంది. నిద్ర తక్కువ, అతుకుల నిద్ర. రెండో పరీక్షకు అవసరం లేదు" అన్నాడు సార్. నంబరు పక్కన గీత కొట్టేశాడు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. దాని పెళ్ళయ్యేదాకా అన్నేళ్ళు దాని పక్కన పడుకున్నదాన్ని. దాని నిద్ర నాకు తెలియనిదా? తెలిసీ, తెర మీద గీతలను నమ్మాను. బయటికి వచ్చి ఫోన్ చేసి దాన్ని తిట్టాను.

"ఏడున్నరకు లేస్తున్ననని నాకు అబద్ధాలెందుకు చెప్పినవే? నాలుగింటికే లేస్తున్నవ్. రాత్రి లేచి తిరుగుతున్నవ్. నీకోసం నేను రూల్ తప్పి చేర్చిన. గడియారం అబద్ధమాడదు, మనుషులే ఆడుతరు" అన్నాను.

అది "సరే అక్కా" అని పెట్టేసింది. రూల్స్ నేర్చిన నోటితో నేను దాన్ని అబద్ధాలకోరు అన్నాను. ఆ సరే అక్కా అన్న గొంతు తలచుకుంటే ఇప్పుడు కూడా నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

రెండు వారాలకు అందరికీ ఫలితాల కాగితాలు వచ్చాయి. చెల్లె కాగితం నేనే పట్టుకెళ్ళాను. సాయంత్రం వేళ. అత్త వాకిట్లో అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. చెల్లె లోపల తడిసిన ఆకును గుడ్డలో చుడుతోంది. కాగితం ఇంగ్లీషులో ఉంది కాబట్టి చదివి తెలుగులో చెప్పాల్సింది నేనే. చెల్లె మీద కోపం ఇంకా చల్లారలేదు, అందుకని దానికి వినబడేలా గట్టిగా చదివాను. మీరు రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుంటారు, నాలుగింటికే మెలకువ వస్తుంది, రాత్రిపూట నాలుగైదు సార్లు నిద్ర చెడుతోంది, మీకు తగినంత నిద్ర లేదు అని.

అత్త ముందుకు వంగి వింటోంది. తల ఊపింది.

"నిజమే బిడ్డా. నాలుగైదు సార్లు లేస్త. మోకాళ్ళు గుంజుతయి, మల్ల నిద్ర వట్టదు. గోలీలేమన్న రాసిండ్రా గా కాగితంల?" అంది.

నేను కాగితం కిందికి దించాను. ఆమె మొహం చూశాను. ఆమె నిజంగా అడుగుతోంది. తన రోగం ఎవరో మొదటిసారి సరిగ్గా చెప్పినట్టు, ఆశగా అడుగుతోంది. లోపల చెల్లె చేతుల్లో చప్పుడు ఆగిపోయింది.

"నువ్వు లేస్తవా అత్తమ్మా?" అన్నాను. "గిది నా చెల్లె కాగితం గదా."

అప్పుడు గానీ ఆమెకు తాను ఏమందో తెలియలేదు. పైట సర్దుకుంది. దాచడానికి ప్రయత్నించలేదు, అది ఒప్పుకోవాలి.

"అవును, రాత్రి నేనే కట్టుకున్న. ఏమైతది?" అంది. "నా కోడలు పొద్దెక్కేదాక పండుకుంటదని సర్కారు కాగితంల ఎక్కాల్నా? నా కొడుకు దేశం మీద ఉన్నడు. మొగడు లేని ఇంట్ల ఇది రాత్రంత మేల్కొని పొద్దెక్కి లేస్తదని రాస్తే, సదివినోళ్ళు ఏమనుకుంటరు? నా ఇజ్జత్ ఏమైతది? దాని ఇజ్జత్ ఏమైతది? పండుకో పిల్లా అన్న. ఎంతసేపన్న పండుకో, గడియారం మాత్రం నాకియ్యి అన్న. దాని ఇజ్జత్ కాపాడిన, తప్పా?"

ఆ కాగితాల్లో పేర్లుండవని, నంబర్లే ఉంటాయని, ఊళ్ళో ఎవరూ చదవరని చెప్పడానికి నోరు తెరిచి మూసుకున్నాను. ఆమెకు కాగితం అంటే ఊరు చదివేది. ఇన్ని ఊళ్ళు తిరిగిన నాకు, ప్రతి పుస్తకంలోనూ నాలుగున్నర అని చూసిన నాకు, ఈ ఇంట్లో ఇలా జరుగుతుందని తట్టకపోవడం ఏమిటి? పుస్తకంలో అబద్ధం రాయగలిగిన ఇల్లు వాచీతో అబద్ధం ఆడించలేదా? చేతికి కట్టి వచ్చాం, కట్టిన చేయి మారదనుకున్నాం. చదువుకున్నవాళ్ళం కదా.

లోపలికి వెళ్ళి చెల్లెను పట్టుకున్నాను.

"నాకెందుకు చెప్పలేదే? నేను ఫోన్ల అన్ని మాటలంటే గూడ నోరు తెరవలేదెందుకు?"

అది ఆకు మూట మీద రాయి పెట్టింది. తర్వాత చెప్పింది.

"నువ్వు కాగితం ఇస్తనన్నవక్కా. అత్తమ్మ నిద్ర ఇస్తనన్నది. నేను నిద్ర తీసుకున్న." తడి చెయ్యి తుడుచుకుని, "పది దినాలు ఎట్ల పండుకున్ననో తెలుసా? కలలు గూడ వచ్చినయి. కలలొచ్చి ఎన్నేండ్లయింది" అంది.

దానితో ఏం వాదించను? ఆకలితో ఉన్నవాళ్ళకు అన్నం పెడితే, రేపటి అన్నానికి కాగితం రాసుకున్నావా అని అడుగుతారా?

అయినా ఊరుకోలేదు. వాకిట్లోకి వచ్చి సార్‌కు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను, అది నా చెల్లె అని కూడా చెప్పాను. మళ్ళీ పది రోజులు కట్టిద్దాం సార్, లేకపోతే తిన్నగా ఉమ్మి పరీక్షకు పిలవండి, నేను పక్కనే కూర్చుంటాను అన్నాను.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. "మంచిది, చెప్పారు కాబట్టి ఆ రికార్డు తీసేస్తాం. ఒకటి పోతే మన లెక్కకు ఇబ్బందేమీ లేదు. వాచీలు రేపు వేరే జిల్లాకు వెళ్తున్నాయి. బంధువును చేర్చారన్న సంగతి మాత్రం నేను పైకి రాయాలి" అన్నాడు.

ఒకటి పోతే ఇబ్బంది లేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు. సూర్యచంద్రుల నుంచి మొదలుపెట్టి ఒంట్లో ప్రతి కణానికీ గడియారం ఉందని గంటలు గంటలు పాఠం చెప్పిన మనిషికి, ఆటోలోంచి పడిన మనిషి ఒక వరస. తీసేస్తే పోతుంది. నా పని కూడా ఆ వారంతోనే పోయింది. దానికి నేను ఏడవలేదు.

ఫోన్ పెట్టేసి ఆ కోపమంతా తెచ్చి అత్త ముందు పోశాను. అత్త మీద కోపం దుత్త మీద చూపేదాన్ని కాదు నేను, అత్త మీద కోపం అత్త మీదే చూపుతాను.

"అత్తమ్మా, గీ కాగితం నీదే. నీకు నాలుగింటికే మెలకువ వస్తది. నీ ఒంటి గడియారం గట్లుంది, నీ తప్పు కాదు. దాని గడియారం ఇట్లుంది, దాని తప్పు కాదు. ఎట్లయినా నువ్వు నాలుగింటి సంది మేల్కొనే ఉంటవు. పండుకొని పైకప్పు సూస్తవు. నాలుగున్నర కాంగనే దాన్ని లేపుతవు. గా వాకిలేదో నువ్వే ఊడ్వరాదు? రాత్రి గిన్నెలు, ఆకు, చాట, అన్నీ అది చేస్తది. ఇద్దరికీ సుఖమే గదా?"

ఇంతకంటే న్యాయమైన మాట నేను బతుకులో అనలేదని అనుకున్నాను. ఆమె మోకాళ్ళు రెండు చేతులతో రాసుకుంది.

"నా అత్త సచ్చేదాక నేనే ఊడ్సిన" అంది. "నాకు గూడ గప్పుడు నిద్రొచ్చేది బిడ్డా. ఎవ్వలన్న నాకు గడియారం కట్టిండ్రా? నిలవడి నిలవడి నిద్రవోయిన. పొలంల కలుపు తీసుకుంట నిద్రవోయిన. ఇప్పుడు నిద్ర రాదు, మోకాళ్ళు వంగవు. ఇప్పుడు కోడలొచ్చింది. ఇప్పుడు గూడ సీపురు నా చేతికే ఇస్తే, నేను అత్తనెట్లయిత? నా వంతు ఎప్పుడొస్తది?"

ఆ మాట విన్నాక కోపం తగ్గాలి కదా, ఇంకా పెరిగింది. ఆమెకు వాకిలి శుభ్రం అక్కర్లేదు. ముగ్గూ అక్కర్లేదు. తాను పడ్డది ఇంకొకరు పడుతుంటే, మెలకువతో పడుకుని వినడం కావాలి. నలభై ఏళ్ళు ఎదురుచూసి సంపాదించుకున్న ఆస్తి అది. దాన్ని ఏ డాక్టరు కాగితం లాక్కోగలదు? ఆ కాగితం వచ్చి ఉన్నా ఆమె వినేది కాదేమో అన్న సంగతి నాకు అప్పుడే మొదటిసారి తట్టింది. తట్టినా ఒప్పుకోలేదు.

"నేను ఇయాళ ఈడనే పండుకుంట" అన్నాను. "రేపు పొద్దుగాల్ల నా ముంగట దాన్ని ఎట్ల లేపుతవో సూస్త. మంచానికి అడ్డం కూసుంట."

ఆమె నాకు కంచంలో అన్నం పెట్టింది, మామిడికాయ తొక్కు వేసింది. నేను తిన్నాను. మా వైపు కొట్లాట కొట్లాటే, అన్నం అన్నమే. పడుకునేటప్పుడు ఫోన్‌లో నాలుగుంపావుకు అలారం పెట్టి దిండు కింద పెట్టుకున్నాను. పక్క మంచం మీద చెల్లె మరిదితో మెల్లగా మాట్లాడుతోంది. ఏమంటాను, ఎలా అడ్డం పడతాను అని మాటలు కూర్చుకుంటూ పడుకున్నాను.

మెలకువ వచ్చేసరికి ఎండ కాళ్ళ మీద ఉంది. ఒక్క క్షణం ఎక్కడున్నానో తెలియలేదు. ఎవరో నా మీద దుప్పటి కప్పారు. కిటికీ తలుపు నా మొహం మీద వెలుతురు పడకుండా దగ్గరకు వేసి ఉంది. లేచి వాకిట్లోకి పరుగెత్తాను. ఊడ్చి ఉంది. చల్లిన పేడనీళ్ళు ఆరిపోయి కూడా చాలాసేపయినట్టుంది. ముగ్గు వేసి ఉంది, పెద్దదే. అత్త స్టీలు గ్లాసులో చాయ్ తెచ్చి నా చేతికిచ్చింది.

"సల్లగ పన్నవు బిడ్డా. సుట్టంగ వచ్చినోళ్ళను లేపుతమా?" అంది. ఎగతాళి కాదు. మర్యాదగానే అంది.

చెల్లె గోడకు ఆనుకుని చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మోచేతి మీద ఆటోలోంచి పడ్డప్పటి మచ్చ కనబడుతోంది. దాని మోకాలి పక్కన నా ఫోన్ ఉంది. తీసి చూశాను. అలారం ఆపేసి ఉంది.

"నువ్వే బంద్ చేసినవా?" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది. "ఎందుకే? నీకోసమే గదా నేను పన్నది. నన్నెందుకు లేపలేదు?"

అది ఆకులో తంబాకు వేసి, చుట్టి, దారం కట్టింది. తల ఎత్తలేదు.

"గాఢంగ పన్నవక్కా" అంది. "నిద్రవోయే మనిషిని ఎట్ల లేపుతరు?"